నాలుగున్నర గజాల చెరువు: ఇటుక నుంచి చేప దాకా

భీమవరం వైపు ఏ ఆక్వా షాపులో అమోనియా టెస్ట్ కిట్ అడిగినా ముందు వచ్చే ప్రశ్న "చెరువు ఎన్నెకరాలండీ?" అనే. నాది ఎనిమిదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల నీటి లోతు. సెంటులో పదకొండో వంతు, నాలుగున్నర గజాల లోపు. నీళ్లు వంద ఘనపుటడుగులు, అంటే సుమారు 2,800 లీటర్లు. ఈ లెక్క చెబితే నవ్వుతారు గానీ, డెల్టాలో పెరటి తొట్టి కట్టేవాళ్లకు అసలు చిక్కు ఇక్కడే ఉంది. చుట్టూ చేపల సంగతి తెలిసినవాళ్లే, కానీ వాళ్ల లెక్కంతా ఎకరాల్లో. చెరువులో అడుగున ఉండే బురద, పచ్చనీళ్లు, గాలి కలిసి చేసే పనిని తొట్టిలో మనం ఒక డ్రమ్ములో పెట్టి చేయించాలి.

కాబట్టి ముందు నేర్చుకోవాల్సింది మందు సంచి మీద ఎకరాల్లో రాసిన మోతాదును తొట్టికి తగ్గించడం. ఎకరం చెరువులో మీటరు లోతుకు దాదాపు 40 లక్షల లీటర్లు పడతాయి. ఎకరానికి 10 కిలోలు అని రాసి ఉంటే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు, నా తొట్టికి 7 గ్రాములు. ఇది చెంచాతో కొలిచే వ్యవహారం కాదు. 0.1 గ్రాము చూపించే చిన్న డిజిటల్ కాటా టెస్ట్ కిట్లతో పాటే కొనుక్కున్నాను. కిట్లు ఐదు: పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం చూపే అంకె), ఆల్కలినిటీ (పీహెచ్ కూలిపోకుండా నిలబెట్టే శక్తి), హార్డ్‌నెస్ (నీటి కాఠిన్యం), అమోనియా (చేపల వ్యర్థాల నుంచి పుట్టేది), నైట్రైట్ (ఆ అమోనియా మారితే వచ్చేది). నైట్రేట్‌కు స్ట్రిప్పులు చాలు.

పని సంక్రాంతి దాటగానే మొదలుపెట్టాను. దానికి కారణం ఉంది. వేసవిలో పంట కాలువలు కట్టేస్తారు. ఆలోగా తొట్టి కట్టి, కడిగి, నీళ్లు పట్టి, చివర్లో ఒకసారి పెద్దగా నీళ్లు మార్చుకోవాలి. కాలువ వదిలిన తర్వాత మొదలుపెడితే ఇంకో గొడవ: వరదల నెలల్లో వచ్చే ఎర్రనీళ్లలో ఒండ్రు తేరడానికే రోజులు పడుతుంది.

మా నేలలో మూడడుగులు తవ్వితే వానాకాలం ఊట వస్తుంది. పూర్తిగా భూమిలోకి దింపిన తొట్టిని శుభ్రం చేయడానికి ఖాళీ చేస్తే కింది నీళ్లు పైకి నెట్టి అడుగు పగులుతుంది. అందుకే ఒక్క అడుగు లోతు మాత్రమే భూమిలోకి, రెండడుగులు పైకి కట్టించాను. ఒండ్రుమట్టి తడికి ఉబ్బి ఎండకు బీటలిస్తుంది కాబట్టి కింద ఆరంగుళాల ఇసుక, దాని మీద ఇనుప జాలీతో నాలుగంగుళాల కాంక్రీటు. అడుగు ఒక మూలకు వాలుగా, ఆ మూలలో రెండంగుళాల పీవీసీ డ్రెయిన్. ఈ డ్రెయిన్ దగ్గర పిసినారితనం పనికిరాదు, రోజూ రెట్ట బయటికి పోయే దారి అదొక్కటే. పొంగు నీటికి ఇంకో పైపు నీటిమట్టానికి అంగుళం పైన, దాని నోటికి వల.

ప్లాస్టరింగ్ అయ్యాక 14 రోజులు తడి ఆరకుండా చూశాను. అప్పటికి తొట్టి చూడ్డానికి సిద్ధంగానే ఉంటుంది, కానీ చేపకు అది సున్నం బట్టీ. కొత్త సిమెంటులోంచి సున్నం నీళ్లలోకి దిగుతూనే ఉంటుంది. మొదటిసారి నింపిన నీళ్లలో మూడో రోజు పీహెచ్ కిట్ పైగీత దాటిపోయింది. ఇక్కడ ఊళ్లో పాత పద్ధతే వాడాను: అరటి బోదెలు నరికి, జానెడు ముక్కలు చేసి తొట్టి నిండా వేసి నీళ్లు పట్టడం. బోదె కుళ్లేటప్పుడు వచ్చే ఆమ్లాలూ కార్బన్ డయాక్సైడూ పైపొరలోని సున్నాన్ని విరుస్తాయి. వాసన మాత్రం భరించాలి. వారానికోసారి మొత్తం వదిలేసి, గోడల్ని కొబ్బరి చీపురుతో రుద్ది, మళ్లీ బోదె, మళ్లీ నీళ్లు. మూడు విడతలు. నాలుగోసారి ఉత్త నీళ్లు పట్టి మూడు రోజులు ఉంచితే 8.3 దగ్గర నిలిచింది. ఒక్క రోజు చూసి ఆగిపోకూడదు, మొదటి రోజు 8 ఉన్నది మూడో రోజుకు 9 అవుతుంది.

ఎందుకింత పట్టుదల అంటే, కిట్ చూపించే అమోనియా అంతా విషం కాదు. అందులో ఒక భాగమే విష రూపంలో ఉంటుంది, ఆ భాగాన్ని పీహెచ్, వేడి నిర్ణయిస్తాయి. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 అయితే అది నూటికి ఒకటి కూడా ఉండదు. 8 అయితే ఏడున్నర. 9 అయితే దాదాపు 45. అదే కిట్, అదే రంగు, ఒకచోట చేప ఈదుతుంది, ఇంకోచోట వెల్లకిలా తేలుతుంది.

ఇక నీళ్లు. మా బోరులో హార్డ్‌నెస్ 620 పీపీఎమ్ (లీటరుకు మిల్లీగ్రాములు), ఆల్కలినిటీ 400, నోట్లో పోసుకుంటే ఉప్పదనం తెలుస్తుంది. పంట కాలువలో రెండూ 130 చుట్టూ. మూడు పాళ్లు కాలువ, ఒక పాలు బోరు కలిపితే హార్డ్‌నెస్ 250, ఆల్కలినిటీ 200. మోలీలకూ గోల్డ్‌ఫిష్‌కూ ఇది హాయిగా సరిపోతుంది. ఉప్పులు తక్కువున్న మెత్తటి నీళ్లు కోరే నియాన్ టెట్రాల మీద మోజుంటే ఈ నీళ్లతో పెట్టుకోవద్దు. మురుగు కాలువ నీళ్లు ఎట్టి పరిస్థితుల్లోనూ తోడకూడదు, దాళ్వా (రెండో పంట వరి) చేలల్లో కొట్టిన మందంతా అందులోకే దిగుతుంది. పంట కాలువ అయినా పక్క చేలో స్ప్రేయర్ మోగుతుంటే ఆ రోజు ఆగాలి. పురుగుమందును బ్లీచింగ్ తీయదు.

కాలువ నీళ్లతో పాటు వచ్చే గుడ్లనూ, చేప ఒంటికి పట్టే పేనునూ మాత్రం తీస్తుంది. నాలుగు మడతల పాత పంచె గుండా వడగట్టి, వెయ్యి లీటర్లకు 30 గ్రాముల చొప్పున, మొత్తం 85 గ్రాముల బ్లీచింగ్ పౌడరు బకెట్లో కలిపి, తేటను మాత్రమే పోశాను. ఎండలో గాలి మోటారు తిప్పుతూ మూడు రోజులు. క్లోరిన్ కిట్ చుక్కలకు పసుపు రంగు రావడం ఆగేదాకా ఏ పనీ మొదలుపెట్టలేదు, ఇంకా ఉంటే హైపో (సోడియం థయోసల్ఫేట్) గుళికలు కొద్దిగా వేస్తే విరుగుతుంది. ఆ తర్వాత 20 లీటర్ల బకెట్లో ఆ నీళ్లు తీసి ఐదు గప్పీలను రెండు రోజులు ఉంచాను. మందు అవశేషాలకు ఇంట్లో చేసుకోగల పరీక్ష అంతకంటే లేదు.

ఫిల్టరు 200 లీటర్ల నీలం డ్రమ్ము. నీళ్లు అడుగు నుంచి పైకి ఎక్కేలా పైపు పెట్టాను. అడుగున ఖాళీ, అక్కడ మడ్డి దిగుతుంది. దాని మీద జాలీ, ఆపైన చింపిన పాత రొయ్యల వల, గిన్నెలు తోమే ప్లాస్టిక్ పీచు, పై వరసలో గోనెడు ఆల్చిప్పలు. కొబ్బరి పీచు చౌకే గానీ రెండు నెలల్లో కుళ్లి నీళ్లు టీ డికాక్షన్ అవుతాయి. పంపు మీద గంటకు 2,000 లీటర్లు అని ఉంది. డ్రమ్ము ఎత్తుకు ఎక్కించాక 15 లీటర్ల బకెట్ 42 సెకన్లలో నిండింది, అంటే గంటకు 1,285. డబ్బా మీది అంకె నమ్మి కొంటే ఇలాగే తగ్గుతుంది, బకెట్‌తో కొలిచిందే నిజం. పంపు వైరుకు ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకుండా తొట్టిలో చెయ్యి పెట్టొద్దు.

తర్వాత నెల రోజులు చేపల్లేని తొట్టికి మేత పెట్టడమే పని, అమోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా డ్రమ్ములో పెరగడానికి. వెయ్యి లీటర్లకు 6.3 గ్రాముల అమోనియం క్లోరైడ్ వేస్తే అమోనియా 2 పీపీఎమ్ అవుతుంది, నాకు 18 గ్రాములు పట్టింది. కళాయి వేసేవాళ్లు వాడే నవాసారం కూడా అదే, కానీ అందులో ఏం కలిసిందో తెలియదు కాబట్టి ల్యాబ్ సరుకు తెచ్చాను. బ్యాక్టీరియాకు తోడు చుక్కలాగా ఇంట్లో అక్వేరియం స్పాంజి ఒకటి తెచ్చి తొట్టిలో పిండి, డ్రమ్ములో వేశాను. ఎనిమిదో రోజు నైట్రైట్ కనబడింది. 14వ రోజుకు అమోనియా సున్నా, నైట్రైట్ మాత్రం కిట్ చివరి రంగు. మళ్లీ 18 గ్రాములు. 27వ రోజున వేసిన అమోనియా తెల్లారేసరికి రెండు కిట్లలోనూ కనబడలేదు. అది వరసగా మూడు రోజులు జరిగితేనే తొట్టి పట్టినట్టు, అంటే బ్యాక్టీరియా నిలదొక్కుకున్నట్టు. ఈ నెలలో షాపువాళ్లు ఇచ్చే జియోలైట్ అనే ఖనిజం వేయకూడదు. అది అమోనియాను పీల్చేసుకుంటే బ్యాక్టీరియాకు తిండి ఉండదు, కిట్ సున్నా చూపిస్తుంది, తొట్టి మాత్రం పట్టదు. నైట్రేట్ పేరుకుంది కాబట్టి కాలువ కట్టేసేలోగా 70 శాతం నీళ్లు మార్చాను, ఆ నీళ్లూ వడగట్టి, బ్లీచింగ్ విరిచినవే.

చేపల ఎంపికలో కోయ్‌లను (పెద్దగా పెరిగే రంగుల కార్పులు) మొదటే వదిలేశాను. రెండున్నర అడుగుల లోతు వాటికి చాలదు. గుండ్రటి పొట్టల గోల్డ్‌ఫిష్ మా మే నెల తట్టుకోవు. 30 డిగ్రీల నీళ్లు ఎంత గాలి పట్టినా లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్ మించి ఉంచుకోలేవు. ఎనిమిది కామెట్లు (సన్నటి ఒళ్లు, పొడవు తోకల గోల్డ్‌ఫిష్), ఓ పది మోలీలు అనుకున్నాను. ముందు 100 లీటర్ల టబ్బులో మూడు వారాలు విడిగా ఉంచాను. అక్కడే నా తప్పు జరిగింది. టబ్బులో అమోనియా పెరగకుండా జియోలైట్ సంచీ వేలాడదీసి, ఒళ్లు రాసుకుంటున్నాయని లీటరుకు 3 గ్రాముల ఉప్పు కూడా వేశాను. ఉప్పులోని సోడియం జియోలైట్ పట్టుకున్న అమోనియాను బయటికి నెట్టేస్తుంది. సాయంత్రం 0.25 ఉన్నది పొద్దున్నకు 2. ఒక కామెట్ పోయింది. ఉప్పో జియోలైటో, రెండూ కలిపి కాదు.

చేపలు ఒళ్లు రాసుకోవడానికి కారణం పేను. పొలుసుల మీద కందిబద్దలో సగం సైజులో, గాజుపొరలా ఉంటుంది, కదిలితేనే తెలుస్తుంది. తడిగుడ్డలో చేపను పట్టి చిమటాతో తీశాను. గుడ్లు గోడలకు పెడుతుంది కాబట్టి టబ్బును ఖాళీ చేసి రెండు రోజులు ఎండబెట్టి మళ్లీ మొదలుపెట్టాలి. కాలువ నుంచి తెచ్చే అంతరతామర, పునాచు లాంటి నీటిమొక్కలు కూడా ఇదే దారిన పేనును మోసుకొస్తాయి. వాటిని నెల రోజులు చేపలేని టబ్బులో ఉంచితే, పొదిగిన పిల్లలకు చేప దొరక్క చస్తాయి.

తొట్టిలోకి మొదట నాలుగు కామెట్లు, రెండు వారాల తర్వాత మిగతావి. మేత రెండు నిమిషాల్లో తినేంత, అంతే. పైన 50 శాతం షేడ్ నెట్, అది ఎండకూ కొంగకూ లకుముకికీ కూడా. అంతరతామర సగం కంటే ఎక్కువ పరచుకోనివ్వకూడదు. జూన్‌లో ఒకసారి మొత్తం కమ్మేసింది, ఆ రాత్రి కరెంటు పోయింది, తెల్లవారుజామున అన్నీ నోళ్లు పైకి పెట్టాయి. అప్పటి నుంచి బ్యాటరీ గాలి మోటారు, కరెంటు పోగానే దానంతట అదే తిరిగేది, డ్రమ్ము పక్కనే ఉంది.

వానాకాలంలో తొంగిచూసేది ఇంకొకటి: ఆల్కలినిటీ. బ్యాక్టీరియా అమోనియాను మార్చేటప్పుడు దాన్ని తింటుంది, పైన వాన పలచన చేస్తుంది. సెప్టెంబరులో 200 ఉన్నది 45కు దిగింది. ఇంకాస్త తగ్గితే పీహెచ్ ఒక్కసారిగా కూలి ఫిల్టరు పని మానేస్తుంది. వెయ్యి లీటర్లకు 17 గ్రాముల వంటసోడా ఆల్కలినిటీని 10 పెంచుతుంది. 100కు తేవడానికి 260 గ్రాములు, రెండు రోజుల్లో రెండు వాయిదాలుగా. చూరు నీళ్లు తొట్టిలో పడకుండా రేకు తిప్పించాను. డ్రమ్ములో పీచు కడగాల్సి వస్తే తొట్టి నీళ్లలోనే, అదీ సగం ఈ నెల, సగం వచ్చే నెల.

కాలువలు కట్టేసిన రోజుల్లో తొట్టి రోజుకు 7 మిల్లీమీటర్లు తగ్గింది, అంటే 26 లీటర్లు. ఆవిరై పోయేది ఉత్త నీళ్లే, ఉప్పులన్నీ తొట్టిలోనే ఉంటాయి. దాన్ని బోరుతో భర్తీ చేస్తే నెలకే హార్డ్‌నెస్ 400 దాటుతుంది. ఊళ్లో ఆర్‌వో ప్లాంటు నీళ్లలో ఉప్పులు చాలా తక్కువ కాబట్టి దీనికి అవే సరి. రోజూ ఇంటికొచ్చే 20 లీటర్ల క్యానుతో పాటు ఇంకోటి వేయమన్నాను, తగ్గిన ఆ కాస్తకీ బోరు.