36 సైజు నట్టుతో ఒక ఆదివారం

ఆదివారం. ఎండ ముదరకముందే పని మొదలు. 1966 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్, వెనక ఎడమ చక్రం. మార్చాల్సింది బ్రేకు షూలే, కానీ ఈ బండిలో వాటిని కప్పి ఉండే వెనక డ్రమ్ము ఊరికే ఊడిరాదు. యాక్సిల్, అంటే చక్రాన్ని తిప్పే ఇరుసు, దాని చివరి పళ్ల మీద డ్రమ్ము కూర్చుంటే, బయట నుంచి ఒకే ఒక్క పెద్ద నట్టు దాన్ని బిగించి పట్టుకుంటుంది. అది ఊడితే గానీ షూల ముఖం చూడలేం.

నట్టు సైజు 36 మిల్లీమీటర్లు. కంపెనీ చెప్పిన బిగింపు 217 పౌండ్-అడుగులు, అంటే దాదాపు 294 న్యూటన్ మీటర్లు. మామూలు భాషలో, మీటరు పొడవు రాడ్డు చివర 30 కిలోల బరువు వేలాడదీసినంత. అది కొత్తలో బిగించిన లెక్క. ఏళ్ల తరబడి తుప్పు పట్టాక ఇందుకు రెట్టింపు అడిగినా ఆశ్చర్యం లేదు.

అందుకే పానా ఎంచుకునేటప్పుడు అందరూ రాడ్డు పొడవు చూస్తారు గానీ, చూడాల్సింది రాడ్డుకూ, నట్టుకు తొడిగే సాకెట్‌కూ మధ్యనుండే ఆ చదరపు ముక్కని. ఇళ్లలో ఉండే సాకెట్ సెట్లు పెద్దవైనా ఎక్కువగా అర అంగుళానివే. వాటికి మీటరు పైపు తొడిగి 70 కిలోల మనిషి ఎక్కితే 700 న్యూటన్ మీటర్లకు దగ్గరపడుతుంది. నట్టు కంటే ముందు ఆ చదరమే మెలితిరిగి తెగొచ్చు. తెగిన క్షణంలో మనిషి నేల మీద, పిడికిలి మడ్‌గార్డు అంచు మీద. ముప్పావు అంగుళం చదరం చూడ్డానికి పావు అంగుళమే ఎక్కువ, మెలికకు ఓర్చే బలం మాత్రం పక్క కొలత ఘనంతో పెరుగుతుంది. ఒకటిన్నర ఘనం, అంటే 3.4 రెట్లు. ఒక అంగుళం సెట్టు లారీ పనివాళ్లకు. ఈ బండికి దాని బరువే బరువు.

అర అంగుళం రాడ్డుకు ముప్పావు అడాప్టర్ తగిలించి సర్దుకుందామనే ఆలోచన కూడా వద్దు. సన్నటి ముక్క అక్కడ ఇంకా అలాగే ఉంటుంది కదా.

సాకెట్ ఆరు మూలలదే కావాలి. పన్నెండు మూలలది నట్టు కొసలను మాత్రమే పట్టుకుంటుంది, ఒకసారి జారిందా కొసలు గుండ్రబడతాయి. ఇంకో తిరకాసు అంగుళాల సాకెట్లతో. 1 7/16 అంగుళం అంటే 36.5 మిల్లీమీటర్లు. 36 నట్టు మీద చక్కగా ఎక్కుతుంది, చేతికి సరిపోయినట్టే ఉంటుంది, బలం పడగానే ఆ అర మిల్లీమీటరే నట్టును తినేస్తుంది. మీద చెక్కిన అంకె చదవకుండా సాకెట్ చేతిలోకి తీసుకోకూడదు. దెబ్బలు కొడుతూ నట్టు తిప్పే ఇంపాక్ట్ గన్ వాడే ఉద్దేశం ఉంటే నల్లటి, మందపాటి ఇంపాక్ట్ సాకెటే. మెరిసే క్రోమ్ సాకెట్ గన్ దెబ్బలకు పగిలి ముక్కలు ఎగురుతాయి.

పైపు పానా సంగతి ఎత్తొద్దు, దాని పళ్లు నట్టును నమిలి వదులుతాయి. సుత్తితో కొట్టే రింగు పానా మంచి వస్తువే, ఆ దెబ్బకు తుప్పు అతుకు వదులుతుంది. కానీ ఇక్కడ నట్టు చక్రం గుంటలో ఉంటుంది, పానా లోపలికి దిగాలంటే చక్రం తీయాలి. చక్రం తీస్తే యాక్సిల్‌ను కదలకుండా పట్టుకునేదేది?

ఈ పనిలో సగం అదే. నట్టును తిప్పే బలమంతా బండినీ తిప్పాలని చూస్తుంది. గేరులో పెడితే చాలదు. రెండు వెనక చక్రాలనూ కలిపే గేర్ల అమరిక, డిఫరెన్షియల్ వల్ల అటు చక్రం లేచి ఉంటే అది ఎదురు తిరుగుతుంది, పైగా ఆ దెబ్బలన్నీ గేరు పళ్లు తినాలి. జాకీ మీద ఎత్తిన బండి మీద ఈ పని చేయనే కూడదు. నాలుగు చక్రాలూ నేల మీద, హ్యాండ్ బ్రేక్ లాగి, చక్రం మధ్య మూత, అదే హబ్ క్యాప్, మాత్రం తీసి నట్టు దగ్గరికి వెళ్లాలి. ఎడమ వైపు విప్పేటప్పుడు బండి ముందుకు దొర్లాలని చూస్తుంది కాబట్టి చెక్కలు టైర్ల ముందు.

తొమ్మిది గంటలకు స్ప్లిట్ పిన్ను, నట్టు వదులు కాకుండా అడ్డంగా గుచ్చే రెండు కాళ్ల పిన్ను. తల విరిగిపోయింది. యాక్సిల్ రంధ్రంలో మిగిలిన ముక్కను సన్నటి పంచ్‌తో కొట్టి బయటికి పంపేదాకా నట్టు జోలికి వెళ్లలేదు. ఆ ముక్క లోపలే ఉండగా నట్టు తిప్పితే యాక్సిల్ మరలను దున్నేస్తుంది. నట్టు పోతే చౌక, యాక్సిల్ పోతే కాదు. తుప్పు వదిలే నూనె రాత్రే పోసి ఉంచాం. మంట పెట్టలేదు, వెనకే ఆయిల్ సీలు రబ్బరు ఉంది.

చక్రం గుంట వల్ల సాకెట్‌కూ రాడ్డుకూ మధ్య చిన్న పొడిగింపు ముక్క, ఎక్స్‌టెన్షన్, తప్పలేదు. ఎక్స్‌టెన్షన్ ఉంటే బలం సాకెట్‌ను ఒరగదీస్తుంది, అందుకని రాడ్డు తల కింద ఒక స్టాండు సరిగ్గా అదే ఎత్తున నిలబెట్టాం. రాడ్డు బండి ముందువైపుకు, నేలకు సమాంతరంగా. దాని మీద మీటరు ఇనప పైపు. ఊగుతూ తొక్కడం కాదు, నిదానంగా బరువు మోపడమే. మూడోసారికి ఠప్పుమంది. యాక్సిల్ విరిగినట్టే వినిపిస్తుంది, నట్టు వదిలిన చప్పుడే అది.

9 రెట్ల టార్క్ మల్టిప్లయర్ కూడా దొరుకుతుంది, అంటే చేత్తో ఇచ్చిన మెలితిప్పు బలాన్ని తొమ్మిది రెట్లు చేసే గేర్ల పరికరం. చక్రం తీశాక డ్రమ్ము బోల్టు రంధ్రాలకే బిగుస్తుంది కాబట్టి ఎదురుబలం డ్రమ్ములోనే ఆగిపోతుంది, బండిని తిప్పాలని చూడదు. 24 పౌండ్-అడుగులు ఇస్తే 216 వస్తుంది, బిగింపు బలం కొలిచి చూపే చిన్న టార్క్ రెంచితోనే సరిగ్గా బిగించవచ్చు. చాలా బీటిళ్లకు 1967 మోడల్ దాకా ఐదు బోల్టులు, 1968 నుంచి నాలుగు. కొనేముందు లెక్కపెట్టుకోవాలి. లారీ నట్లు విప్పే చేతి మర కూడా కొందరు సూచిస్తారు. విప్పడానికి పరవాలేదు, బిగించడానికి మాత్రం వద్దు. ఎంత బలం వెళ్తోందో చేతికి తెలియదు.

షూలు మారాయి. మధ్యాహ్నం బిగింపు. నిజానికి పెద్ద పానా విలువ తెలిసేది ఇక్కడే. వదులుగా ఉంటే డ్రమ్ము పళ్లు యాక్సిల్ పళ్ల మీద కదిలి కదిలి అరిగిపోతాయి, ఒకనాడు యాక్సిల్ తిరుగుతుంది, చక్రం తిరగదు. పెద్ద టార్క్ రెంచి లేదు, 25 కిలోల బియ్యం బస్తా ఉంది. నట్టు మధ్య నుంచి 1.2 మీటర్ల దగ్గర, ఈసారి బండి వెనకవైపుకు తిప్పిన రాడ్డు చివర వేలాడదీస్తే, మీటరు చివర 30 కిలోలన్న అదే లెక్క. పైపు సొంత బరువు కూడా కలుస్తుంది గనక బస్తాను ఓ జానెడు లోపలికి జరిపాం. రాడ్డు కిందికి దిగితే తీసి మళ్లీ సమాంతరంగా పెట్టడం, ఇక దిగకుండా నిలిచేదాకా. చివరికి పిన్ను రంధ్రం కుదరకపోతే ముందుకే బిగించాలి, వెనక్కి వదలకూడదు. కొత్త స్ప్లిట్ పిన్ను వేసి కాళ్లు రెండు వైపులకూ వంచాం.

కుడి చక్రం వచ్చే ఆదివారం. అక్కడా కుడికి తిప్పితే బిగిసే మరలే. విప్పడానికి రాడ్డు బండి వెనకవైపుకు, చెక్కలు టైర్ల వెనక.