చీకటి గదిలో ఒక కళాకృతిని నిలబెట్టడం: నా అనుభవం

సందర్శకుల ఉనికికి స్పందించే కళను మాత్రమే ప్రదర్శించే ఒక గ్యాలరీకి నా కృతిని ప్రతిపాదించినప్పుడు, దరఖాస్తులో ఛాయాచిత్రాల కంటే ముందుగా వారు కోరినది ఒక వివరణ: తలుపు దాటి వచ్చిన మనిషికి మొదటి నిమిషంలో ఏమి కనిపిస్తుంది, అతడు ఏమి చేస్తే ఏమి మారుతుంది, ఏమీ చేయకపోతే ఏమవుతుంది. ఆ మూడో ప్రశ్నే నా కృతికి ప్రాణం. మూడు గోడల మీద సన్నని కాంతి రేఖలు పారుతూ ఉంటాయి. మనిషి నడుస్తున్నంతసేపూ అవి చెదిరి తప్పుకుంటాయి, కదలకుండా నిలిచినప్పుడు మాత్రం అతని వైపు చేరి పందిరి మీది తీగల్లా అల్లుకుంటాయి.

ప్రదర్శనలను ఎంపిక చేసే క్యూరేటర్‌కు ఆలోచన నచ్చింది గాని, ఇలాంటి గదిలో ఎవరైనా నిశ్చలంగా నిలబడతారా అన్న సందేహం మిగిలింది. ఆ సందేహంలో న్యాయం ఉంది. 1970లలో అమెరికన్ కళాకారుడు మైరన్ క్రూగర్ తన ‘వీడియోప్లేస్’లో కెమెరాతో మనిషి ఆకారాన్ని పట్టి తెర మీది బొమ్మలతో ఆడించినప్పటి నుంచి, 1999లో కమిల్ అటర్‌బ్యాక్, రోమీ అకిటువ్ కలిసి చేసిన ‘టెక్స్ట్ రెయిన్’లో రాలిపడే అక్షరాలను సందర్శకులు చాచిన చేతుల మీద నిలుపుకున్నప్పటి నుంచి, ఈ కళ ఎక్కువగా కదలికనే భాషగా చేసుకుంది. నేను నా సమాధానంలో 2012లో లండన్ బార్బికన్ కేంద్రంలో ప్రదర్శించిన, కృత్రిమంగా వాన కురిసే గది ‘రెయిన్ రూమ్’ను ఉదాహరించాను. అక్కడ సెన్సర్లు మనిషిని గుర్తించిన చోట వాన ఆగుతుంది, కాని వేగంగా నడిచేవాడు తడుస్తాడు. అంటే ఆ కృతి తన స్పందనతోనే మనుషుల నడకను నెమ్మదింపజేసింది. నాకు కావలసినది అంతకంటే ఒక్క అడుగు ముందున్నది.

దాంతో వారు ప్రయోగ ప్రదర్శనకు అనుమతించారు. గోడ మీద సూచనలు రాయకూడదన్నది ఆ గ్యాలరీ నియమం, నాకూ అదే సమ్మతం. ఒక మూల నిలబడి చూస్తే, చాలామంది చేతులు ఊపి, రేఖలు పారిపోవడం చూసి, ఒక చుట్టు తిరిగి వెళ్లిపోతున్నారు. అందుకని స్పందనను రెండు దశలు చేశాను: అడుగు క్షణకాలం ఆగినా దగ్గరి రేఖలు కొద్దిగా ఆ వైపు వంగుతాయి, ఆగడం కొనసాగితే అల్లిక మొదలవుతుంది. ఆ మొదటి వంపు సెకనులో పదో వంతుకు మించి ఆలస్యమైతే అది తన చర్యకు తక్షణ ఫలితంలా మనిషికి అనిపించదు. కనుక రేఖల సంఖ్యను తగ్గించి మరీ ఆ వేగాన్ని సాధించాను. అందం కొంత తగ్గిందని చూసినవారు అన్నారు, కాని ఆ ఎంపిక సరైనదని ఇప్పటికీ గట్టిగా నమ్ముతున్నాను.

గది విషయంలో నిర్ణయాలు త్వరగానే తేలాయి. మామూలు ప్రొజెక్టర్ ముందు మనిషి నిలబడితే నీడ పడుతుంది కాబట్టి, గోడకు అతి దగ్గర నుంచి వెడల్పైన చిత్రాన్ని వేసే రకాన్ని ఎంచుకున్నాము. ఎదురెదురు గోడల వెలుగు పరస్పరం ప్రతిఫలించి నలుపును పాలిపోయేలా చేస్తుంది. తెలుపుకు బదులు ముదురు బూడిద రంగు వేయించాక రేఖలకు స్పష్టత వచ్చింది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది గది అందరికీ అందుబాటులో ఉందో లేదో పరిశీలించే నిపుణురాలి ప్రశ్న. పైకప్పు నుంచి చూస్తూ దూరాన్ని కొలిచే డెప్త్ కెమెరా ఎంత ఎత్తున్న ఆకారాన్ని మనిషిగా లెక్కిస్తుందని ఆమె అడిగారు. చక్రాల కుర్చీలో కూర్చున్నవారు, చిన్నపిల్లలు ఆ లెక్కలోకి రావాలి. అంతకంటే లోతైనది ఆమె రెండో ప్రశ్న: చేతులు వణికే వ్యక్తికి ఈ గదిలో నిశ్చలత సాధ్యమేనా? నిజానికి ఏ మనిషీ పూర్తిగా కదలకుండా నిలబడలేడు, శరీరం సమతూకం కోసం ఎప్పుడూ స్వల్పంగా ఊగుతూనే ఉంటుంది. అందువల్ల చేతులను, తలను లెక్క నుంచి తప్పించి, మొండెం నేల మీద ఉన్న చోటు మారుతోందా లేదా అన్నదే కొలమానంగా పెట్టాను. వణికే చేయి రేఖలను ఇక బెదరగొట్టదు. కృతి అర్థం కూడా దీనివల్ల మెరుగుపడింది, ఎందుకంటే నేను కోరినది బిగుసుకుపోవడం కాదు, ఒకచోట ఉండడం. మెరుపులు సెకనుకు మూడు మించకూడదన్న భద్రతా నియమం నా రేఖల నెమ్మదికి అడ్డు రాలేదు, అత్యవసర ద్వారం దారి కూడా చీకటిలో స్పష్టంగా కనిపించింది.

చివరిగా అప్పగింత పత్రం. ఉదయం సిబ్బంది మీట వేస్తే కంప్యూటర్, ప్రొజెక్టర్లు, ప్రోగ్రాం ఏ క్రమంలో వాటంతట అవే మొదలవుతాయో, కెమెరా స్థానం జరిగితే నేల మీది గుర్తులతో ఎలా సరిచేయాలో అందులో రాశాను. పరికరాలు మార్కెట్ నుంచి తప్పుకుంటాయని కూడా ఒప్పందం ముందే ఊహించాలి. ఎందరో కళాకారులు ఆధారపడిన, మనిషి కదలికలను గుర్తించే మైక్రోసాఫ్ట్ కెమెరా కినెక్ట్ 2010లో వచ్చి 2017లో ఉత్పత్తి ఆగిపోయింది. కాబట్టి కెమెరా ఏ కంపెనీదైనా కావచ్చని, మొండెం ఆధారంగా గుర్తించడం, మొదటి వంపుకు పట్టే సమయం మాత్రం మార్చరాదని షరతు చేర్చమని కోరాను. గ్యాలరీ వారు దాన్ని యథాతథంగా అంగీకరించి సంతకం చేశారు.