మాగ్నెటో గేర్ల మోత: స్టీలా, హైలమా?

పాత కారు ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు ముందు కవర్ లోపల టకటకమంటే చాలామంది ముందుగా బేరింగుల్ని అనుమానిస్తారు. మాగ్నెటో (అయస్కాంతంతో స్పార్కుకు కరెంటు పుట్టించే యంత్రం) ఉన్న బండిలో మాత్రం ముందు చూడాల్సింది దాన్ని తిప్పే గేర్ల మీద పడే లాగుడే. మాగ్నెటోలో తిరిగే భాగం, ఆర్మేచర్, ఒక్కో చుట్టుకు రెండుసార్లు అయస్కాంతానికి చిక్కి బిగుసుకుంటుంది, విడివడగానే ముందుకు దూకుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో మాగ్నెటోది క్రాంక్‌షాఫ్ట్ (ఇంజన్ ప్రధాన ఇరుసు) వేగమే. అంటే 1500 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 50 సార్లు ఈ లాగుడూ దూకుడూ పళ్ల మీద పడతాయి. స్టీలుకు స్టీలు తగిలితే వినబడక ఏం చేస్తుంది?

ప్లే (పళ్ల మధ్య ఖాళీ) తగ్గిద్దామని గేర్లను దగ్గరికి బిగించకండి. వేడెక్కాక కూత మొదలవుతుంది. 100 మి.మీ. గేరులో 0.5 మి.మీ. ప్లే వచ్చినా కోణంలో తేడా అర డిగ్రీకి కాస్త పైన, అంతే. స్పార్క్ టైమింగ్ గురించి కంగారు అక్కర్లేదు, మోత కోసమే మెటీరియల్ మార్చాలి.

మార్చేది జతలో ఒక్కటే, అదీ పెద్ద గేరు. పినియన్ (జతలో చిన్న గేరు) పళ్లు ఎక్కువసార్లు పని చేస్తాయి, మొదలు దగ్గర సన్నం కూడా. కాబట్టి అది స్టీలుగానే ఉండాలి.

పచ్చితోలు గేరు చాలా నిశ్శబ్దం, కానీ నూనె తగిలితే మెత్తబడుతుంది. వల్కనైజ్డ్ ఫైబర్ (రసాయనంతో గట్టిపరిచిన కాగితం) తేమకు ఉబ్బుతుంది. అన్నిటికన్నా నయం బట్ట పొరలను రెజిన్‌తో అతికించి చేసిన ఫినాలిక్ షీటు: ఇంగ్లండ్‌లో టఫ్నాల్, అమెరికాలో మైకార్టా, మన షాపుల్లో హైలం. ఇక్కడే దెబ్బ తినేది. వట్టి హైలం అని అడిగితే కరెంటు బోర్డులకు వాడే పేపర్ రకం చేతిలో పెడతారు, దాని పళ్లు మొదలంటా విరిగిపోతాయి. కోసిన అంచులో నేత కనబడాలి. షీటు పొరలు గేరు ముఖానికి సమాంతరంగా ఉండాలి. పళ్లు కోసేటప్పుడు కట్టర్ బయటికొచ్చే వైపు చెక్కముక్క ఆనిస్తే పొరలు లేవవు. కీవే (ఇరుసుకు గేరును బిగించే మేకు గాడి) హైలంలో కోయొద్దు, వదులైపోతుంది. స్టీలు హబ్ (నడిమి భాగం) పెట్టి రెండువైపులా పళ్లాలతో రివెట్ చేయించండి.

పాత పినియన్‌నే వాడుతుంటే పళ్ల అంచులు వేలితో తడిమి చూడండి. అరిగి పదునెక్కిన అంచు కొత్త గేరును ఆకురాయిలా తినేస్తుంది. నూనెరాయితో మొద్దు చేయాలి.

1928–31 ఫోర్డ్ మోడల్ ఏలో మాగ్నెటో లేదు, స్పార్కును సిలిండర్లకు పంచే డిస్ట్రిబ్యూటర్, వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్ నుంచి తిరుగుతుంది. గేరు గొడవ అక్కడా ఉంది: ఆ క్యామ్‌ను తిప్పే ఫైబర్ గేరు పళ్లు ఊడితే స్పార్కూ ఆయిల్ పంపూ ఒకేసారి ఆగిపోతాయి. వాల్వులు పిస్టన్‌కు తగలని ఇంజన్ కాబట్టి నష్టం అంతటితో ఆగుతుంది. దూరప్రయాణాలు చేసేవాళ్లు అల్యూమినియం గేరు వేస్తారు. మోత కొంచెం ఎక్కువే, పైగా వేడికి కాస్ట్ ఐరన్ బ్లాకుకు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 150 మి.మీ. గేరు 60 డిగ్రీలు వేడెక్కితే పళ్లు 0.05 మి.మీ. ఎదుటి గేరు పళ్లలోకి జరుగుతాయి, చల్లగా ఉన్నప్పుడే ఆ ప్లే వదలాలి. ఏది వేసినా, ముందు సంప్ (ఇంజన్ అడుగున నూనె తొట్టి) విప్పి ఆయిల్ పంపు జాలీలో ఇరుక్కున్న పాత ఫైబర్ ముక్కలు తీసేయండి.