తిరగేసిన ‘కె’

సెలవలకి ఎక్కడికెళ్లారని ఎవరైనా అడిగితే చెప్పుకోడానికి కాస్త మొహమాటంగానే ఉంది. పోయిన జూలైలో మా ఆయనకి అతి కష్టం మీద వారం రోజులు సెలవు దొరికింది. నేను మిర్టిల్ బీచ్ అన్నాను. పిల్లలు ఇసకలో ఆడుకుంటారు, నేను గొడుగు కింద నిద్రపోతాను. ఆయన సరేనన్నారు. మర్నాడు పొద్దున లేచేసరికి ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి ఉంది. దాని మీద క్రేయాన్‌తో గీసిన మ్యాపు, మూడు చుక్కలు. సిన్సినాటి, పిట్స్‌బర్గ్, క్లీవ్‌లాండ్. మూడూ బేస్‌బాల్ స్టేడియాలే.

మావాడికి ఎనిమిదేళ్లు. అయిదో ఏట నుంచీ ఈ పిచ్చి. ఉత్తినే గొడవ చేసుంటే కసిరేదాన్ని. కానీ లెక్కతో వచ్చాడు. మేముండే కొలంబస్ నుంచి ఏ ఊరైనా మహా అయితే మూడు గంటలు, బీచ్ అయితే పది గంటలు కారులో, చెల్లి వాంతులు చేసుకుంటుంది అన్నాడు. అదీ నిజమే. ఓటింగ్ పెడదామన్నారు మా ఆయన. అప్పటికి నాన్న వచ్చి రెండు నెలలైంది. నా తండ్రి కదా, నా వైపు ఉంటారనుకున్నాను. “వాడు చెప్పింది సబబుగానే ఉందమ్మా” అనేశారు. రేపల్లెలో ముప్పై ఏళ్లు లెక్కల మాస్టారుగా చేసిన మనిషి. లెక్క వేసి చూపిస్తే చాలు, ఎవరి వైపైనా తిరిగిపోతారు.

సిన్సినాటి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. అక్కడ మైదానం వెనక పాత స్టీమర్లకుండే పొగగొట్టాల్లాంటివి రెండు పెట్టారు. వాళ్ల పిచ్చర్, అంటే మన బౌలర్ లాంటివాడు, ఎవరినైనా బ్యాట్‌కి బంతి తగలనివ్వకుండా అవుట్ చేస్తే వాటిలోంచి మంట వస్తుంది. హోమ్ రన్, అంటే మన సిక్సర్ లాంటిది, కొడితే బాణసంచా. మా చిన్నదానికి నాలుగేళ్లు. మొదటి మంటకే ఏడుపు లంకించుకుంది. మిగతా ఆటంతా స్టేడియం లోపలి వరండాలో దాన్ని ఎత్తుకుని తిరగడంతోనే సరిపోయింది. నాకు గుర్తున్నదల్లా తొమ్మిది డాలర్ల నిమ్మకాయ నీళ్లు. సగం ఐసే.

ఇక పిట్స్‌బర్గ్. ఈ చుట్టుపక్కల రాష్ట్రాల్లో ఉండే తెలుగువాళ్లకి పిట్స్‌బర్గ్ అంటే వెంకన్న గుడే. పెళ్లయిన కొత్తలో అక్కడికే, పుట్టువెంట్రుకలకి అక్కడికే, గ్రీన్ కార్డ్ వచ్చినా అక్కడికే. పదమూడేళ్లలో పాతికసార్లైనా వెళ్లుంటాం. పెన్ హిల్స్ కొండెక్కడం, దర్శనం చేసుకోవడం, కింద పులిహోర, పెరుగన్నం తినడం, ఇంటికి తిరిగి రావడం. ఆ ఊళ్లో నదులున్నాయని, వాటి ఒడ్డున ఒక బేస్‌బాల్ స్టేడియం ఉందని తెలుసుకోవాల్సిన అవసరమే రాలేదు.

శనివారం సాయంత్రం వెళ్లాం. ఫోర్ట్ పిట్ సొరంగం దాటినవాళ్లకి నేను చెప్పేది అర్థమవుతుంది. కొండ లోపల చీకట్లో పోతూ పోతూ ఉంటామా, బయట పడగానే చెప్పాపెట్టకుండా ఊరంతా మీద పడుతుంది. నీళ్లు, పసుప్పచ్చ వంతెనలు, అద్దాల మేడలు. ముందు సీట్లో ఉన్న నాన్న “ఓర్నీ” అన్నారు. నాన్న నోట ఆ మాట రావడం నేనెప్పుడూ వినలేదు. ఇటు మొనాంగహీలా, అటు అలెగేనీ, రెండూ కలిసి ఇక్కణ్నుంచి ఒహాయో నది అవుతుందని మా ఆయన చెప్పారు. “అంటే మొన్న సిన్సినాటిలో చూసింది ఇదేనా?” అని, మర్నాడు హోటల్ కిటికీ దగ్గర కూడా నాన్న ఆ నీళ్లకేసి చూస్తూ కూర్చున్నారు. కృష్ణ ఒడ్డున పుట్టిన మనిషికి నది మొదలెక్కడో చివరెక్కడో తేలితే గానీ తోచదు.

ఆదివారం పొద్దున్నే గుడికి వెళ్లి, అక్కణ్నుంచి నాలుగు పొట్లాల పులిహోర కట్టించుకున్నాం. ఒంటిగంటన్నరకి ఆట. దారిలో స్క్విరల్ హిల్ సొరంగం ముందు మామూలుగానే అందరూ ఎందుకో తెలీకుండా బ్రేకులేశారు, అరగంట అక్కడే పోయింది. స్టేడియం దగ్గర పార్కింగ్ 35 డాలర్లు అన్నాడు. నాన్న మనసులో హెచ్చవేసి “మూడు వేలా? బండిని ఎండలో నిలబెట్టడానికా?” అన్నారు. దాంతో నది ఇవతలే, డౌన్‌టౌన్‌లో పెట్టేసి, వంతెన మీదుగా నడుచుకుంటూ వెళ్లాం. మ్యాచ్ ఉన్న రోజు ఆ వంతెన మీదికి కార్లు రానివ్వరు. జనం అంతా తిరనాళ్లకి వెళ్తున్నట్టు రోడ్డు నిండా నడుస్తున్నారు. బెలూన్లవాడు లేడన్నమాటే గానీ, మిగతా అంతా కోటప్పకొండే.

ఆ వంతెన పేరు రొబెర్తో క్లెమెంతే. అవతలి చివర ఆయన విగ్రహం ఉంది. ఎవరీయన అని నాన్న అడిగితే మావాడు అందుకున్నాడు. ప్యూర్తోరికో నుంచి వచ్చిన ఆటగాడు, కచ్చితంగా 3,000 హిట్లు కొట్టాడు, ఒకటి ఎక్కువా కాదు తక్కువా కాదు, నంబరు 21, అందుకే లోపల కుడివైపు గోడ ఎత్తు కూడా 21 అడుగులు పెట్టారు, ఇలా గుక్క తిప్పుకోకుండా. మరి ఎలా పోయాడని అడిగారు నాన్న. 1972 డిసెంబర్ 31న నికరాగ్వా భూకంప బాధితులకి సాయం పంపిస్తూ, సామాన్లతో పాటు తనూ విమానమెక్కాడు. అది సముద్రంలో కూలిపోయింది. శవం కూడా దొరకలేదు. 38 ఏళ్లు.

నాన్న ఆ విగ్రహం దగ్గర చాలాసేపు నిలబడ్డారు. తర్వాత మెల్లగా చెప్పారు. దివిసీమ ఉప్పెన అప్పుడు, 1977 నవంబరులో, కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, పెనుమూడి రేవులో పడవెక్కి బియ్యం బస్తాలతో అవతలికి వెళ్లారట. పులిగడ్డ దాటాక ఇక ముందుకెళ్లలేక బస్తాలు అక్కడే దింపి వచ్చేశారట. ఎందుకు వెళ్లలేకపోయారో చెప్పలేదు. మా ఇంట్లో ఉప్పెన కథలు బోలెడు విన్నాను గానీ ఇది నాకు తెలీదు. “పదండి, ఆట మొదలైపోతుంది” అని నాన్నే ముందు కదిలారు.

గేటు దగ్గర పులిహోరతో టెన్షన్. బయటి తిండి తెచ్చుకోవచ్చని మా ఆయన చదివొచ్చారు గానీ నాకు నమ్మకం లేదు. సంచీ చూసే అమ్మాయి పొట్లం ఎత్తి, వాసన చూసి, “ఏంటిది, లెమన్ రైసా?” అంది. చింతపండు అని చెప్పబోయి ఎందుకొచ్చిందిలే అని తలూపాను. వెంకన్న ప్రసాదం ఆ రోజు అబద్ధం మీద లోపలికొచ్చింది.

మా సీట్లు బాగా పైన. చవక కాబట్టి తీసుకున్నాం. తీరా చూస్తే మంచి సీట్లు అవేనట. మైదానం అవతల గోడ, గోడ అవతల నది, నది మీద ఇందాక నడిచొచ్చిన పసుపు వంతెన, దాని వెనక మేడలు, ఏదీ మరుగు పడదు. 38 వేల పైచిలుకు సీట్లున్న స్టేడియంలో సగం ఖాళీ. మా వరసలో నాన్న పక్కన మాత్రం ఒక పెద్దావిడ ముందే వచ్చి కూర్చున్నారు. డెబ్భై దాటి ఉంటాయి. ఒక చెవిలో రేడియో తీగ, ఒళ్లో అట్టకి క్లిప్పు పెట్టిన పెద్ద స్కోరు పుస్తకం, చేతిలో పెన్సిలు, ఇంకో పెన్సిలు జడలో. జడ అంటే జడ కాదు, ఆ జుట్టుని ఏమంటారో నాకు తెలీదు.

మూడో ఇన్నింగ్స్ దాకా నాన్న ఆట చూడలేదు, ఆ పుస్తకమే చూశారు. నేను గమనించి సిగ్గుపడ్డాను. పక్కవాళ్ల పేపరు చదివే అలవాటు రైల్లో చెల్లుతుంది గానీ ఇక్కడేమనుకుంటారో! ఉండబట్టలేక నాన్న నా వైపు వంగి “అమ్మా, ఆవిడ కె అక్షరాన్ని తిరగేసి రాసింది. పొరపాటున రాసిందా?” అన్నారు. తెలుగులోనే అన్నారు. కానీ వేలు చూపించడంతో ఆవిడకి అర్థమైపోయింది. పుస్తకాన్ని నాన్న వైపు జరిపారు.

తర్వాత గంటన్నర ఆ ఇద్దరి మధ్యా జరిగింది నేను సరిగా చెప్పలేను. నాన్న ఇంగ్లిష్ బాగా చదువుతారు, మాట్లాడేటప్పుడు మాత్రం ఒక్కో మాటా కూడబలుక్కుంటారు. ఆవిడ యాసేమో నాకే సగం అర్థం కాదు. అయినా పెన్సిల్ తోనే అంతా నడిచింది. పిచ్చర్ 1, క్యాచర్ 2, మొదటి బేస్ దగ్గరున్నవాడు 3, ఇలా తొమ్మిదిమందికీ తొమ్మిది అంకెలు. బంతి 6 చేతిలోంచి 4కి, 4 నుంచి 3కి వెళ్తే ఇద్దరు అవుట్. బ్యాట్ ఊపి తప్పి అవుటైతే మామూలు కె. ఊపకుండా నిలబడి చూస్తూ అవుటైతే తిరగేసిన కె. నాన్న దానికి పడి పడి నవ్వారు. “చేతకాక పోయినవాడు వేరు, చూస్తూ చూస్తూ పోయినవాడు వేరు. భలే పెట్టారమ్మా!”

అప్పుడు నాన్న ఆవిడ పెన్సిల్ అడిగి తీసుకుని, టిష్యూ కాగితం మీద ఆరు చుక్కలు పెట్టారు. పైన మూడు, కింద మూడు. వాటిని కలిపితే ఎమ్ వచ్చింది. “క్రికెట్, మేడమ్. సిక్స్ బాల్స్, నో రన్. మెయిడెన్.” వికెట్ పడితే అవే చుక్కల్ని డబ్ల్యూగా కలపాలని అదీ చూపించారు. ఆవిడ ఆ కాగితాన్ని మడిచి పుస్తకంలో పెట్టుకున్నారు. ఆట ఎంతసేపు ఉంటుందని అడిగారు. అయిదు రోజులన్నారు నాన్న. ఆవిడేమీ ఆశ్చర్యపోలేదు. మధ్యలో టీకి కూడా ఆపుతారని చెప్పినప్పుడు మాత్రం చెవిలో రేడియో తీసేసి “టీకా?” అన్నారు.

నా చిన్నప్పుడు ఇంట్లో నాన్న స్కోరు పుస్తకాలుండేవి. రేడియోలో కామెంటరీ వింటూ, స్కూల్ రఫ్ నోట్స్‌లో గళ్లు గీసుకుని రాసేవారు. 1983 ఫైనల్ పేజీ ఇప్పటికీ బీరువాలో ఉంది. రిచర్డ్స్ 33, క్యాచ్ కపిల్, బౌలింగ్ మదన్‌లాల్. ఆ పేరు కింద రెండు గీతలు. తర్వాత టీవీ వచ్చింది, అంకెలన్నీ తెర మీదే పడుతుంటే ఇంక రాయడమెందుకని మానేశారు. అమ్మ కూడా ఈ పిచ్చి రాతలేంటని దెప్పేది. నేనూ అన్నానేమో, గుర్తులేదు.

ఈలోగా మా చిన్నది ఒక్కసారిగా సీటు మీద లేచి నిలబడి “అమ్మా, కజ్జికాయలు!” అని అరిచింది. నిజంగానే మైదానం అంచున కజ్జికాయలు పరుగు పందెం పెట్టుకున్నాయి. పీరోగీలట. బంగాళాదుంప కూరిన పిండివంట, ఈ ఊరివాళ్ల ప్రాణం. మనుషులు ఆ వేషాలేసుకుని ఆట మధ్యలో పరిగెడతారు. పచ్చిమిరపకాయ పీరోగీకి హలపేనో హానా అని పేరు. మా చిన్నది దానికే చప్పట్లు కొట్టింది. సిన్సినాటిలో మంటకి భయపడి ఏడ్చిన పిల్ల, ఇక్కడ కజ్జికాయలు వెళ్లిపోయాయని ఏడ్చింది.

ఈ పిట్స్‌బర్గ్ జట్టువాళ్లే 2008లో ఉత్తరప్రదేశ్ నుంచి ఇద్దరు కుర్రాళ్లని తీసుకున్నారని మా ఆయన చెప్పారు. రింకూ సింగ్, దినేశ్ పటేల్. ఈటె విసిరేవాళ్లు, ఒక టీవీ పోటీలో బంతి విసిరి మొదటి రెండు స్థానాల్లో నిలిచారు. కోల్‌కతాకి క్రికెట్ ఆడే రింకూయే ఆయన అని మావాడు మొన్నటిదాకా అనుకున్నాడట. కాదు నాయనా, ఈయన వేరు, తర్వాత కుస్తీలోకి వెళ్లిపోయాడు.

ఒక్క విషయం మాత్రం ఒప్పుకోవాలి. 2023 నుంచి పిచ్చర్‌కి గడియారం పెట్టారు. బేస్‌ల మీద ఎవరూ లేకపోతే 15 సెకన్లలో బంతి వేసెయ్యాలి. అంతకుముందు మూడు గంటలు దాటే ఆట ఇప్పుడు దాదాపు రెండున్నరలో తేలిపోతోంది. పసిపిల్లల తల్లులెవరో ఆ కమిటీలో ఉండుంటారు.

గెలిచిందెవరో మావాడిని అడగాలి. ఆదివారం ఆట అయ్యాక పిల్లల్ని మైదానంలోకి వదిలి బేస్‌ల చుట్టూ పరిగెత్తనిస్తారు. దానికి తిరుపతి క్యూ. ముప్పావుగంట ఎండలో నిలబడ్డాం, పిల్లలకి పులిహోర అక్కడే అయిపోయింది. మావాడు తలొంచుకుని ఒక్క ఊపులో చుట్టేసి, చివరి పలక మీద రెండు కాళ్లతో దూకాడు. చిన్నది రెండో బేస్ దాకా వెళ్లి ఆగింది. కూర్చుంది. మట్టి గుప్పిట్లోకి తీసుకుంది. వెనకాల పిల్లలంతా దాన్ని తప్పించుకుని పోతున్నారు. అక్కడున్న కుర్రాడొచ్చి చెయ్యి పట్టుకుని లేపితే, గుప్పిట విప్పకుండానే నడుచుకుంటూ మిగతా సగం పూర్తి చేసింది.

పైకి చూస్తే సీట్లన్నీ ఖాళీ, ఆ రెండు తలలు తప్ప. ఇంకా కూడికలు వేసుకుంటున్నట్టున్నారు.

క్లీవ్‌లాండ్ వానకి కొట్టుకుపోయింది. ఫ్రిజ్ మీద మూడో చుక్క అలాగే ఉంది. బీచ్ సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు, నేను తప్ప.

ఆ వారమే నాన్న డాలర్ షాపులో స్పైరల్ పుస్తకం, స్కేలు కొనుక్కున్నారు. ఇప్పుడు రాత్రి అన్నాలయ్యాక తాతా మనవళ్లిద్దరూ టీవీ ముందు కూర్చుంటారు. నేను అంట్లు తోముతుంటే హాల్లోంచి వినబడుతుంది. “ఒరే, తొందరగా చెప్పరా, వీడు ఊపి పోయాడా, చూస్తూ పోయాడా?”