మెట్లు దిగిన మర్నాడు

సింహాచలం మెట్లు ఎక్కేటప్పుడు ఆయాసమొచ్చింది కానీ, తొడలు పట్టేసింది మాత్రం దిగినందుకే. దిగేటప్పుడు తొడ ముందు కండరం ఒకపక్క సాగుతూనే ఒంటి బరువంతా ఆపాలి. ఆ పనిలో సన్నటి పోగులు దెబ్బతింటాయి. నొప్పి మర్నాడు మొదలై, రెండో రోజుకి ముదురుతుంది. కండరం కష్టపడ్డప్పుడు అందులో తయారయ్యే లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయిందని జిమ్‌లో అంటారు గానీ, అది గంటా రెండు గంటల్లోనే తగ్గిపోతుంది.

ఇవి అస్థి కండరాలు, మనం చెబితే కదిలేవి. ఒంట్లో 600కి పైనే ఉన్నాయి. మైక్రోస్కోపులో చారలు కనిపిస్తాయి. ఆక్టిన్, మయోసిన్ అనే ప్రోటీన్ పోగులు ఒకదాని మీదుగా ఒకటి జారితే కండరం కుంచించుకుంటుంది. గుండె కండరానికీ చారలే, కానీ మన మాట వినదు. రోజుకి సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది, సెలవన్నదే లేదు (నాకు ఈరోజు ఆఫీసుకి సెలవు). పేగుల్లో, రక్తనాళాల గోడల్లో ఉండేది నునుపు కండరం. చారలుండవు, పనీ నెమ్మదే. కొండ మీద తిన్న పులిహోరని నన్నడక్కుండా ముందుకి తోసింది అదే.

ప్రస్తుతం బీచ్ రోడ్డులో ఫుట్‌పాత్ కూడా పక్కకి తిరిగే దిగుతున్నా. ఆదివారం కైలాసగిరికి ఎవరైనా వస్తారా? రోప్‌వేలో అయితేనే!