వార్చడం

మా పదేళ్ళ అమ్మాయికి చిల్లుల గిన్నె అంటే పాస్తా గిన్నె. న్యూజెర్సీలో పుట్టి పెరిగిన పిల్ల, దాన్ని మరో పనికి వాడగా చూడలేదు. మా ఇంట్లో అన్నం రోజూ కరెంటు కుక్కర్‌లో అత్తెసరుగానే ఉడుకుతుంది.

పోయిన వేసవిలో గుంటూరు నుంచి మా అమ్మ వచ్చింది. రెండో రోజే సిబ్బి ఎక్కడుందని అడిగింది. లేదన్నాను. చిల్లుల గిన్నె కింద వెడల్పాటి గిన్నె పెట్టి, ఉడికిన అన్నాన్ని అందులోకి వంచింది.

"ఏం చేస్తున్నావు అమ్మమ్మా?"

"గంజి వారుస్తున్నానమ్మా."

పదేళ్ళలో ఆ మాట నా బిడ్డ చెవిన పడలేదు. నాకు ప్రాణం చివుక్కుమంది. ప్రతి శనివారం కూర్చోబెట్టి గుణింతాలు దిద్దించాను, పద్యాలు నేర్పాను. కానీ ఇంట్లో ఆ పనే లేకపోతే మాట ఎక్కడి నుంచి వస్తుంది? అమ్మ ఉన్న నెలల్లో బియ్యం గాలించడం, పిండి జల్లించడం, టీ వడకట్టడం, గంజి వార్చడం, ఒక్కొక్కటీ పిల్ల చేతితో చేస్తూ నేర్చుకుంది. తాతయ్య సంధ్య వార్చేవారని చెబితే, "నీళ్ళు వదులుతారు కాబట్టేనా?" అని తనే అడిగింది. ఉప్పు, మజ్జిగ కలిపిన గంజి మాత్రం మొదటిసారి ముఖం చిట్లిస్తూనే తాగింది.

ఒకరోజు సోనా మసూరి అయిపోయి, ఇక్కడి సూపర్‌మార్కెట్ బియ్యం తెచ్చాను. అమ్మ కడగబోతుంటే పిల్ల సంచి మీది అక్షరాలు చదివి ఆపింది: కడగవద్దు, వార్చవద్దు. అమ్మ నిర్ఘాంతపోయింది. కడగకుండా అన్నం వండుతారా! నిజానికి సంచి చెప్పిందీ సబబే. అలాంటి బియ్యానికి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి విటమిన్లు పైన కలుపుతారు. కడిగితే, వారిస్తే అవి చాలావరకు నీళ్ళలో పోతాయి. మరోవైపు, ఆరు నుంచి పది రెట్ల నీళ్ళలో ఉడికించి వారిస్తే బియ్యంలోని అకర్బన ఆర్సెనిక్ అనే విషపదార్థం 40 నుంచి 60 శాతం తగ్గవచ్చని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2016లో చెప్పింది. అమ్మమ్మ మాటా, సంచి మీది మాటా రెండూ ఎందుకు నిజమో పిల్లకు కూర్చోబెట్టి చెప్పాను. ఒకరిని తప్పుపట్టి ఇంకొకరిని గెలిపించడం నాకు ఇష్టం లేదు.

అమ్మ తిరిగి వెళ్ళి మూడు నెలలైంది. నిన్న సాయంత్రం నేను ఫోనులో ఉండగా వంటింట్లోంచి కేక వినిపించింది.

"అమ్మా, పాస్తా వార్చేశాను. గంజి ఉంచనా?"

ఉంచమన్నాను. సాస్‌లోకి ఒక గరిటెడు కావాలి.