ఆ ఆదివారం వాళ్లు విన్న పాట ఏది?

న్యూజెర్సీలో మేముండే ఊరి గ్రంథాలయంలో వారానికి రెండు రోజులు స్వచ్ఛందంగా పనిచేస్తుంటాను. 2023 సెప్టెంబరులో అక్కడి లైబ్రేరియన్ నాకొక పని అప్పగించారు. ఇంగ్లండుకు చెందిన నలుగురు యువకుల పాటల బృందం బీటిల్స్ అమెరికా టెలివిజన్‌లో తొలిసారి ప్రత్యక్ష ప్రసారంలో పాడి వచ్చే ఫిబ్రవరి 9కి అరవై ఏళ్లు నిండుతాయి కనుక, ఆ రాత్రి టీవీ ముందు కూర్చున్న మా ఊరి పెద్దవాళ్ల మాటలను రికార్డు చేసి, కాగితం మీదికి దించి, స్థానిక చరిత్ర విభాగంలో భద్రపరచాలన్నది ఆ పని. తెనాలిలో ఘంటసాల పాటలు వింటూ పెరిగిన నాకు ఆ బృందం పాటలు పట్టుమని పది కూడా తెలియవు. ఆ మాటే చెబితే, "అందుకే మీకిస్తున్నాను. తెలిసినవాళ్లను పంపితే ఎదుటివాళ్లను మాట్లాడనివ్వకుండా తమ జ్ఞాపకాలు చెప్పుకొని వస్తారు" అన్నారావిడ.

మొదటి రెండు వారాలూ ఎవరినీ కలవకుండా, రుజువైన సంగతులను మాత్రమే ఒక కాగితం మీద రాసుకున్నాను. ఆ నలుగురూ న్యూయార్క్‌లో దిగింది 1964 ఫిబ్రవరి 7, శుక్రవారం. అప్పటికి కొన్ని వారాల ముందే కెనడీ పేరు పెట్టుకున్న ఆ విమానాశ్రయంలో సుమారు మూడు వేల మంది వాళ్ల కోసం కాచుకొని ఉన్నారు. 9వ తేదీ ఆదివారం రాత్రి 8 గంటలకు, బ్రాడ్‌వే మీద ఉన్న సీబీఎస్ టీవీ సంస్థ వారి స్టూడియో 50 నుంచి, ప్రతి ఆదివారం వచ్చే ఎడ్ సల్లివన్ షో అనే వినోద కార్యక్రమం ప్రసారమైంది. 728 సీట్లున్న ఆ హాలుకు టికెట్లు కావాలని యాభై వేలకు పైగా అభ్యర్థనలు వచ్చాయి. ఇళ్లలో చూసినవారి సంఖ్య 7 కోట్ల 30 లక్షలని, టీవీ ప్రేక్షకుల సంఖ్యను లెక్కగట్టే నీల్సన్ సంస్థ అంచనా కట్టింది. ఆ రాత్రి వాళ్లు మొదట మూడు, చివర్లో రెండు, మొత్తం ఐదు పాటలు పాడారు. తరువాతి ఆదివారం, 16న, మయామీ బీచ్‌లోని డోవిల్ హోటల్ నుంచి పాడారు. 23న మూడోసారి తెర మీద కనిపించారు, కానీ అప్పటికే లండన్‌కు తిరిగి వెళ్లిపోయారు. మూడో ప్రదర్శనను అంతకుముందే రికార్డు చేసి పెట్టుకున్నారు. ఈ చివరి సంగతిని నేను కాగితం అడుగున చిన్న అక్షరాలతో రాసుకున్నాను. నాలుగు నెలల తరువాత నాకు అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చింది అదే.

మాట్లాడతామని ఒప్పుకున్నవారు పదకొండు మంది. అందరూ అరవై ఎనిమిదికీ ఎనభైకీ మధ్య వయసువారు. మొదటి సంభాషణను నేనే చేజేతులా పాడుచేశాను. "ఆ రాత్రి మీరు కూడా అరిచారా? అందరూ పిచ్చెక్కినట్లు అరిచారట కదా?" అని అడిగాను. ఆవిడ మర్యాదస్తురాలు కనుక, అరిచామన్నారు, చాలా ఉత్సాహంగా ఉండేదన్నారు, అది మరిచిపోలేని రాత్రి అన్నారు. ఇంటికొచ్చి విని చూసుకుంటే, అందులో ఆవిడ సొంత మాటంటూ ఒక్కటీ లేదు, నేను అందించిన మాటే తిరిగి నాకు వచ్చింది. లైబ్రేరియన్ అంతా విని, "పాట గురించి అడగకండి, గది గురించి అడగండి" అని మాత్రం అన్నారు.

ఆ తరువాత నా మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "మీ ఇంట్లో టీవీ ఏ గదిలో ఉండేది?" ఒక తెల్లకాగితం, పెన్సిలు ఇచ్చి ఆ గదిని గీయమనేదాన్ని. టీవీ ఎక్కడ, నాన్నగారి కుర్చీ ఎక్కడ, కిటికీ ఎక్కడ అని గీస్తూ గీస్తూ ఉండగా మాట దానంతటదే వచ్చేది. విశ్రాంత బస్సు డ్రైవరు ఒకాయన టీవీ బొమ్మ వేసి, దాని మీద యాంటెన్నా రెండు కొమ్ముల్లా గీసి, ఒక కొమ్ము చివర చిన్న ఉండ చుట్టారు. అదేమిటని అడిగితే, బొమ్మ స్థిరంగా నిలవడానికి వాళ్లమ్మ చుట్టిన అల్యూమినియం రేకు అన్నారు. ఆ రేకును పట్టుకొని నిలబడే పని ఇంట్లో చిన్నవాడైన ఆయనదే కావడంతో, ఆ రాత్రి మొదటి మూడు పాటలనూ ఆయన పక్కనుంచే చూశారట. "నేను చూసింది వాళ్లను కాదు, వాళ్లను చూస్తున్న మా అక్కను" అన్నారు. ఆయన అక్క నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకొని, చప్పుడు లేకుండా ఏడ్చిందట. అరుపుల గురించి మళ్లీ ఎవరినీ అడగలేదు.

నేను అడగకుండానే ఐదుగురు తమ మాటలను 1963 నవంబరు 22 నుంచి మొదలుపెట్టారు. కెనడీ హత్య జరిగిన ఆ నాలుగు రోజులూ పెద్దవాళ్లు అదే టీవీ ముందు కూర్చొని ఏడ్చారు. రెండున్నర నెలల తరువాత అదే గదిలో, అదే టీవీ ముందు పిల్లలు కేరింతలు కొడుతుంటే ఏమనాలో పెద్దవాళ్లకు తోచలేదట. దేశమంతా దుఃఖంలో ఉండడం వల్లే ఆ నలుగురికీ అంతటి ఆదరణ దక్కిందని చాలామంది రాస్తుంటారు. ఆ కారణాన్ని నేను పూర్తిగా నమ్మను. ఎందుకంటే ఆ ఆదివారానికి ముందే, ఫిబ్రవరి 1 నాటికే, వాళ్ల పాట అమెరికా అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి చేరింది, ఇంగ్లండులోనైతే అంతకుముందు సంవత్సరమే ఇదే గోల. కానీ ఆ రెండు జ్ఞాపకాలనూ ఒకే టీవీ పెట్టె కలిపిందని ఐదుగురు విడివిడిగా చెప్పినప్పుడు, రాసుకోవడం తప్ప వాదించడం నా పని కాదు.

నాలుగో సంభాషణలో ఇరవై నిమిషాలకే రికార్డరు బ్యాటరీ అయిపోయింది. నేను గమనించుకోలేదు. పదమూడేళ్ల వయసులో ఆ కార్యక్రమం చూసిన ఒక విశ్రాంత నర్సు గంటసేపు చెప్పిన కథలో మూడింట రెండు వంతులు పోయాయి. సిగ్గు విడిచి మళ్లీ వెళ్లాను. ఆవిడ విసుక్కోకుండా మళ్లీ చెప్పారు గాని, రెండోసారి అంతా నున్నగా వచ్చింది. మొదటిసారి తడబడి, ఆగి, "కాదు కాదు, అమ్మ వంటింట్లో ఉంది" అని దిద్దుకున్న చోట్లన్నీ రెండోసారి మాయమయ్యాయి. ఆ రోజు నుంచి రెండు రికార్డర్లు, వాటికి అదనపు బ్యాటరీలు లేకుండా గడప దాటలేదు.

రాతలోకి దించడం మరో ఎత్తు. గంటసేపటి మాటకు నాకు ఐదారు గంటలు పట్టేది. కంప్యూటరు చేత రాయించి చూస్తే, అది ముసలివాళ్ల ఉచ్చారణను, వెనకాల హీటరు మోతను కలగాపులగం చేసింది. ఆ పని జరుగుతున్నప్పుడే తప్పులు బయటపడడం మొదలైంది. ముగ్గురు ఆ కార్యక్రమాన్ని రంగుల్లో చూశామన్నారు. ఆ రాత్రి ప్రసారం నలుపు తెలుపులోనే జరిగింది. మరొకాయన, ఆ గంటసేపు దేశంలో ఒక్క దొంగతనం కూడా జరగలేదని ఢంకా బజాయించి చెప్పారు. అది నిజానికి వాషింగ్టన్ పత్రికలో ఆ ప్రేక్షకులను ఎగతాళి చేస్తూ వచ్చిన ఒక వ్యంగ్యం, తరువాత తరువాత వార్తలా చలామణీ అయింది.

రంగుల సంగతి విని నేను లోలోపల నవ్వుకున్న మాట నిజం. ఆ వారమే తెనాలిలో ఉన్న మా తమ్ముడితో ఫోనులో మాట్లాడుతూ, 1987లో ఆదివారం ఉదయం ఎదురింటివాళ్ల వరండాలో చెప్పులు గుట్టగా విడిచి రామాయణం చూసిన రోజులను తలుచుకున్నాను, హనుమంతుడి ఎర్రని రూపం ఇప్పటికీ కళ్ల ముందు ఉందన్నాను. "అక్కా, వాళ్లది బ్లాక్ అండ్ వైట్ టీవీ. కలర్ టీవీ కొన్నది వాళ్లమ్మాయి పెళ్లయ్యాక" అన్నాడు వాడు. ఆ తరువాత ఆ ముగ్గురి రంగుల గురించి రాసిన గమనికలో "పొరపాటు" అనే మాట కొట్టేసి, "ప్రసారం నలుపు తెలుపులో జరిగింది" అని మాత్రం ఉంచాను.

గ్రంథాలయం నియమం కూడా అదే. చెప్పినవారి మాటలో ఒక్క అక్షరం మార్చకూడదు; తేడా ఉంటే పేజీ అడుగున గమనిక రాయాలి; ఆ ప్రతిని వారికే చూపించి, సంతకం తీసుకున్నాకే లోపల పెట్టాలి. కొన్నిసార్లు గమనిక వాళ్ల పక్షానే నిలిచేది. నర్సుగారి తమ్ముడు, అప్పటికి తొమ్మిదేళ్లవాడు, ఆ రాత్రి తాను చూస్తున్న ముసుగువీరుడి కథను సగంలో ఆపేసి అక్క ఛానెల్ మార్చిందని ఇప్పటికీ అలుగుతాడట. ఏదో చిన్నపిల్లల గొడవ అనుకుంటూనే వెతికాను. ఆ ఆదివారం 7:30కి ఎన్‌బీసీ అనే మరో ఛానెల్‌లో డిస్నీ వారి కార్యక్రమం ఉంది. దిష్టిబొమ్మ ముసుగు వేసుకొని తిరిగే ఒక పాద్రీ కథ అందులో ఆ రాత్రే మొదలైంది. గంటసేపు సాగే ఆ కథ సరిగ్గా సగానికి వచ్చేసరికి 8 గంటలు కొట్టి సల్లివన్ షో మొదలవుతుంది. అరవై ఏళ్ల అలకకు నిమిషాలతో సహా ఆధారం దొరికింది.

ఇంకొకాయన ఒక ఫొటో తెచ్చారు. ఆ రోజుల్లో టీవీలో వచ్చినదాన్ని ఇంట్లో దాచుకొనే సాధనం లేదు కనుక, అభిమానులు తెరకే కెమెరా గురిపెట్టి ఫొటోలు తీసేవారు. ఆయన ఫ్లాష్ వేసి తీశారు. తెర ఉండవలసిన చోట తెల్లటి వెలుగు ముద్ద, టీవీ మీద గడియారం, కింద ఒక మూల ఎవరివో మేజోళ్లు తొడిగిన పాదాలు. ఆ పాదాలు వాళ్ల నాన్నగారివి. అంచున ఫొటో స్టూడియోవాళ్లు "ఫిబ్రవరి 64" అని ముద్ర వేశారు. నెల ఉంది, తేదీ లేదు. ఆ నెలలో మూడు ఆదివారాలు వాళ్లు తెర మీద కనిపించారు. ఆయన 9 అంటారు. నేను జాబితాలో "ఫిబ్రవరి 1964" అనే రాశాను. ఆయన సంతకం పెట్టే ముందు ఆ గడిని కాసేపు చూసి, పెన్సిలుతో పక్కన చిన్నగా 9 వేసి ఇచ్చారు. నేను చెరపలేదు.

ఇక పాట సంగతి. పదకొండు మందిలో నలుగురు, ఆ మొదటి రాత్రి "ట్విస్ట్ అండ్ షౌట్" విన్నామన్నారు. 9వ తేదీ రాత్రి పాడిన ఐదు పాటల్లో అది లేదు. అది వచ్చింది 23న, మూడో కార్యక్రమం మొదట్లో. మూడు ఆదివారాలూ అరవై ఏళ్లలో కరిగి ఒకటైపోయాయని ముగ్గురికి గమనిక రాశాను. వాళ్లు చదివి, నవ్వి, సంతకాలు పెట్టారు. నాలుగో ఆవిడ పెట్టనన్నారు.

ఆవిడకు డెబ్బై ఐదేళ్లు. తాను ఆ పాటను టీవీలో కాదు, స్టూడియోలోనే విన్నానన్నారు. స్నేహితురాలి నాన్నగారికి ఎవరి ద్వారానో రెండు టికెట్లు దొరికాయట, పిల్లలిద్దరినీ ఆదివారం మధ్యాహ్నం తీసుకెళ్లారట. చూసి, రైలెక్కి, చీకటి పడేసరికి ఇంటికొచ్చి, రాత్రి 8కి అందరితో కలిసి టీవీలో మళ్లీ చూశారట. ఆ రాత్రి తెర మీద వేరే పాటలు రావడంతో ఆవిడే అయోమయంలో పడ్డారు. "రాత్రి ఎనిమిదింటికి జరిగినదాన్ని మధ్యాహ్నమే ఎలా చూశావే?" అని వాళ్లక్క ఆ క్షణం నుంచి నవ్వడం మొదలుపెట్టి, నిన్నమొన్నటిదాకా ప్రతి పండగకూ నవ్వుతూనే ఉందట. టికెట్టు ముక్క ఎప్పుడో పోయింది. స్నేహితురాలు చనిపోయి చాలా కాలమైంది.

నేను కాగితం తీసి, అడుగున చిన్న అక్షరాలతో రాసుకున్నదాన్ని చదివాను. 23న ప్రసారమైన పాటలను రికార్డు చేసింది 9వ తేదీ మధ్యాహ్నమే, ఆ స్టూడియోలోనే. హాలులో కూర్చున్నది రాత్రి వచ్చినవారు కాదు, వేరే ప్రేక్షకులు. "ట్విస్ట్ అండ్ షౌట్" పాడింది వాళ్ల ముందే. ఆవిడ అక్కడ ఉన్నారని నేను రుజువు చేయలేను, ఆ మాట గమనికలో అలాగే రాశాను. కానీ ఆవిడ చెప్పిన పూట, చోటు, పాట మూడూ ఒకదానితో ఒకటి సరిపోతున్నాయని కూడా రాశాను. ఆవిడ గమనికను రెండుసార్లు చదివారు. కళ్లద్దాలు తీసి తుడుచుకొని మూడోసారి చదివారు. సంతకం పెట్టి, ఆ ఒక్క పేజీకి ఇంకో నకలు కావాలని, ఫ్లోరిడాలో ఉన్న అక్కకు పంపాలని అడిగారు.

ఫిబ్రవరి 9న గ్రంథాలయంలో జరిగిన చిన్న సమావేశానికి ఆవిడ వచ్చారు. అక్కగారు ఏమన్నారని అడిగాను. ఉత్తరం అందిన రోజే ఫోను చేసిందట. "సరే, నిజమే అనుకుందాం. మరి నన్నెందుకు తీసుకెళ్లలేదు?" అని గంటసేపు దెబ్బలాడిందట.